ఆనకట్టల లాభనష్టాలు: లెక్క ఎవరి పక్షం?

హైస్కూలు తెలుగు పరీక్షల్లో వ్యాసరచన కింద తరచుగా ఇచ్చే అంశం ఒకటుంది: 'నదులపై ఆనకట్టలు - లాభాలు, నష్టాలు'. పిల్లలకిది సులువైన ప్రశ్న. పేజీకి నిలువుగా ఒక గీత గీస్తారు. ఎడమ వైపు సాగునీరు, తాగునీరు, విద్యుత్తు, వరదల నివారణ, చేపల పెంపకం అని రాస్తారు. కుడి వైపు గ్రామాల ముంపు, అడవుల నష్టం, పూడిక అని రాస్తారు. చివర 'నష్టాల కన్న లాభాలే ఎక్కువ కనుక ఆనకట్టలు దేశాభివృద్ధికి అవసరం' అని ముగిస్తారు. మేమూ మార్కులు వేస్తాం.

శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న కుటుంబాల కాలనీ ఉన్న గ్రామంలో నేను కొంతకాలం పని చేశాను. అక్కడ ఒక పిల్ల రాసిన పేపరు నాకిప్పటికీ గుర్తుంది. ఎడమ వైపు అందరిలాగే అయిదు లాభాలు రాసింది. కుడి వైపు ఒకటే రాసింది: 'మా జేజి వాళ్ల ఊరు.' నా దగ్గరున్న మార్కుల పట్టిక ప్రకారం దానికి ఒక మార్కే వెయ్యాలి. వేశాను కూడా. తర్వాత ఆలోచిస్తే, తప్పు రాసింది ఆ పిల్ల కాదు, ప్రశ్న తయారుచేసిన మేమేననిపించింది. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి ఒకదానిలోంచి ఇంకొకటి తీసెయ్యాలంటే ఆ రెండూ ఒకే మనిషి ఖాతాలో ఉండాలి. ఆనకట్ట విషయంలో లాభం ఒకరిది, నష్టం మరొకరిది. అటువంటప్పుడు తీసివేత లెక్క చెల్లదు.

ఈ సంగతి ఇంజనీర్లకు, ఆర్థికవేత్తలకు తెలియదని కాదు. రచయితలుగా మనం ఎంతవరకు తెలుసుకున్నాం అన్నదే ఇక్కడ ప్రశ్న. దానికి ముందు ఆనకట్ట అంటే ఏమిటో, అది చేసే పనేమిటో కొంచెం వివరంగా చూడటం అవసరం.

ఆనకట్ట చేసే పని

మన నదులు హిమాలయాల్లో పుట్టినవి కావు. కృష్ణా గోదావరుల్లో నీళ్లు ముఖ్యంగా జూన్ నుంచి అక్టోబరు దాకా వస్తాయి. మిగతా నెలల్లో ఇసుక మేట కనిపిస్తుంది. పైరుకు నీళ్లు కావలసిన రోజూ, నదికి నీళ్లొచ్చే రోజూ ఒకటి కాదు. నీళ్లున్న చోటూ, పొలాలున్న చోటూ ఒకటి కాదు. మొదటి చిక్కు కాలానిది, రెండోది స్థలానిది.

రెండో చిక్కుకే మందు వేసే కట్టడాలున్నాయి. నదికి అడ్డంగా తక్కువ ఎత్తు గోడ కట్టి, నీటిమట్టం కొద్దిగా పెంచి, పక్కనున్న కాలువల్లోకి మళ్లిస్తారు. నిలవ చెయ్యరు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847 - 52 మధ్య కట్టించింది ఇటువంటిదే. బెజవాడ దగ్గర 1855 నాటికి పూర్తయిందీ ఇటువంటిదే. ఇవి అసలు అర్థంలో 'ఆనకట్టలు'. నాగార్జునసాగర్, శ్రీశైలం వేరే జాతివి. ఎత్తయిన గోడ వెనక ఒక వానాకాలపు నీటిని నిలవచేసి, ఏడాది పొడుగునా వాడుకొనే జలాశయాలు. కాలాన్నీ స్థలాన్నీ రెంటినీ మారుస్తాయి. నిలవ కావాలంటే లోయ మునగాలి. మళ్లింపుతో సరిపెట్టే కట్ట కింద మునిగేది కొంచెం. నిలవ జలాశయం కింద ఊళ్లకు ఊళ్లు మునుగుతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోకుండా 'ఆనకట్ట మంచిదా, చెడ్డదా' అని వాదించుకోవడం వృథా.

ఇంకొక మాట. నీరు పల్లమెరుగు. కాలువ తవ్వినంత మాత్రాన నీళ్లు మెట్టకు ఎక్కవు. తూము ఏ ఎత్తులో ఉందో ఆ ఎత్తుకు దిగువన ఉన్న నేలకే కాలువ పారుతుంది. అంచేత తూము ఎత్తు నిర్ణయించిన రోజునే ఏ ఊరు ఆయకట్టు అవుతుందో, ఏ ఊరు బీడుగా మిగులుతుందో నిర్ణయమైపోతుంది. ఆ నిర్ణయం కాగితం మీద గీత రూపంలో ఉంటుంది కనక రాజకీయంగా కనిపించదు. కాని అంతకన్న రాజకీయమైనది మరొకటి లేదు.

మన సాహిత్యానికి పారిన నీళ్లు

లాభాల సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. 1832 - 33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను వల్లకాడు చేసింది. ఆ ప్రాంతాల్లో గోదావరి, కృష్ణ ఏటా సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. రెండు దశాబ్దాల తర్వాత కట్టలు లేచాయి. డెల్టా అన్నపూర్ణ అయింది. కంపెనీ ప్రభుత్వం ఈ పని దయతో చెయ్యలేదు. శిస్తు పెరుగుతుందని లెక్క వేసుకొనే చేసింది, పెంచుకొంది కూడా. అయినా గోదావరి జిల్లాల రైతు కాటన్ విగ్రహానికి దండ వేస్తున్నాడంటే దానికి కారణం ఉంది. ఆకలి తెలిసినవాడి కృతజ్ఞతను మనం ఎగతాళి చెయ్యకూడదు.

సాహిత్య విద్యార్థులు గమనించవలసింది మరొకటి ఉంది. కాలువ నీటితో మిగులు వచ్చింది. మిగులుతో చదువులు, బళ్లు, అచ్చుయంత్రాలు, గ్రంథాలయాలు వచ్చాయి. ధవళేశ్వరం కట్ట పని మొదలైన మరుసటి ఏడాది, 1848లో, పక్కనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పుట్టారు. 1874లో ఆయన ధవళేశ్వరంలో బడిపంతులుగా ఉన్నప్పుడే 'వివేకవర్ధని' పత్రిక వెలువడింది. ఆనకట్ట లేకపోతే వీరేశలింగం లేరని అనడం యాంత్రికమవుతుంది. కాని ఆధునిక తెలుగు సాహిత్యం మొదటి తరాలు ఎక్కువగా ఎందుకు డెల్టాల నుంచి వచ్చాయో, మెట్ట సీమల గొంతు ఎందుకు ఆలస్యంగా వినిపించిందో తెలుసుకోవాలంటే కాలువల పటం ముందు పెట్టుకోక తప్పదు. తెలుగు రచయిత కలంలోకి చాలాకాలం కాలువ నీరే సిరాగా వచ్చింది. ఆ కాలువ పారని చోటు నుంచి చూసే అలవాటు మనకు సహజంగా రాలేదు. ప్రయత్నంతో తెచ్చుకోవలసి వచ్చింది.

సాగర్: పైకి ఎక్కని నీళ్లు

నందికొండ స్థలాన్ని 1952లో ఖోస్లా కమిటీ సిఫారసు చేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన ఈ డాము ప్రపంచంలోనే అతి పెద్ద రాతి కట్టడాల్లో ఒకటి. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. వేలాది స్త్రీ పురుషులు రాళ్లు మోసి నిలబెట్టిన గోడ అది. కుడి ఎడమ కాలువల కింద సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు. పల్నాడు, మిర్యాలగూడ, ఖమ్మం ప్రాంతాల్లో జొన్న పండిన నేల వరికి మారింది. అభివృద్ధి అన్న మాటకు అర్థం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. సాగర్ నల్లగొండ జిల్లా గడ్డ మీద నిలబడింది. ఎడమ కాలువ ఆ జిల్లాలో పల్లపు తాలూకాలను తడిపింది. ఎగువన ఉన్న మునుగోడు, మర్రిగూడ వంటి ప్రాంతాలు కాలువ గీతకు పైన ఉండిపోయాయి. అక్కడి జనం దశాబ్దాల పాటు ఫ్లోరైడు నిండిన బోరు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయి బతికారు. మంచి నీళ్లున్న జలాశయం అదే జిల్లాలో ఉంది. దాని నీళ్లు ఎత్తి పైకి పంపడానికి ప్రజలు ఎన్నో ఏళ్లు ఆందోళన చెయ్యవలసి వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి ఆ ప్రాంతానికి నీళ్లు తేవాలని మొదలుపెట్టిన సొరంగం ఇరవయ్యేళ్లయినా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగంలో కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఆయకట్టులో కూడా అందరూ ఒకటి కాదు. కాలువ మొదట్లో ఉన్న రైతు తూముకు గండి పెట్టి రెండు కార్ల వరి వేస్తాడు. చివరి భూముల రైతు మేజరు కాలువ గట్టు మీద రాత్రిళ్లు కాపలా కూర్చుంటాడు. నీళ్లు వస్తున్నాయన్న కబురుతోనే భూమి ధర లేస్తుంది. కబురు ముందు అందినవాడు కొంటాడు, అందనివాడు అమ్ముకొని తర్వాత ఆ పొలంలోనే కూలికి పోతాడు. నీళ్లు ఉత్పత్తిని పెంచుతాయి. ఉత్పత్తి సంబంధాలను వాటంతటవి మార్చవు. భూమి లేనివాడికి ప్రాజెక్టు తెచ్చిన లాభం పని రోజులు పెరగడం. అది చిన్న లాభమేమీ కాదు. కాని ఆయకట్టు రైతుకు దక్కినదానితో పోల్చవలసిందీ కాదు.

పాలమూరు లేబరు మాట వినని తెలుగు పాఠకుడు ఉండడు. మట్టి పనిలో, రాతి పనిలో వాళ్లకు సాటి లేదని దేశంలో ఎక్కడ డాము కట్టినా మేస్త్రీలు వాళ్ల కోసం వచ్చేవాళ్లు. ముసలివాళ్లను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి గుంపులు గుంపులుగా లారీలెక్కి పోయారు. వాళ్ల జిల్లాను ఒరుసుకొనే కృష్ణ పారుతుంది, తుంగభద్ర పారుతుంది. కరువు కూడా ఆ జిల్లాలోనే. ఎవరి పొలాలకో నీళ్లిచ్చే గోడలు కట్టి, తమ ఊరికి తాగే నీళ్లు లేక వలసపోయిన ఆ జనం జీవితం మన నవలకు ఎంత పెద్ద వస్తువో ఆలోచించండి.

శ్రీశైలం: రాళ్లకు అంకెలు, మనుషులకు గడువులు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట ఉద్దేశించింది ముఖ్యంగా విద్యుత్తుకే. నీటిమట్టం 885 అడుగులు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. లక్షకు పైగా జనం నిర్వాసితులయ్యారు. 1981 జూన్‌లో వానలకు ముందు ఊళ్లు ఖాళీ చేయించడానికి ప్రభుత్వం ఇళ్లు కూలగొట్టింది. ఆ చర్యకు 'ఆపరేషన్ డిమాలిషన్' అనే పేరు వచ్చింది. పేరులో దాపరికమేమీ లేదు.

ఇక్కడ ఒక విషయం నన్నెప్పుడూ వెంటాడుతుంది. సాగర్ కింద మునిగే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల విజయపురి శిథిలాలను ఎత్తి, కొండ మీద, అనుపులో మళ్లీ నిలబెట్టింది. శ్రీశైలం ముంపులోని పాత గుళ్లను కూడా రాయి రాయికి అంకె వేసి, విప్పి, ఒడ్డున తిరిగి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే ఆలంపురం చేరింది. మంచి పనే. చరిత్ర మీద ప్రేమ ఉన్న ఎవరైనా సంతోషించాలి. కాని రాయి ఏ వరసలో, ఏ రాయి పక్కన ఉండేదో రాసిపెట్టుకొన్న అదే ప్రభుత్వం, ఏ మనిషి ఏ మనిషి పక్కన బతికాడో రాసుకోలేదు. ఒక ఊరు నాలుగు కాలనీలైంది. అన్నదమ్ములు రెండు తాలూకాల్లో పడ్డారు. ఊరుమ్మడి బీడు, వంక, చింతచెట్టు, శ్మశానం ఎవరి పేరా పట్టా కాలేదు కనక వాటికి పరిహారం లేదు. పరిహారం లెక్కలు చూసింది 1894 నాటి భూసేకరణ చట్టం. దానికి భూమి యజమాని కనిపిస్తాడు. ఆ భూమిలో పని చేసిన కూలి, కౌలుదారు, చాకలి, మంగలి, గొర్రెల కాపరి కనిపించరు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నెంబరు జీవో 1986లో వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ఎదురుచూస్తూ యువకులు నడివయసు దాటారు.

మునిగిన సీమకైనా నీళ్లు దక్కాయా? కృష్ణా జలాల్లో రాయలసీమకు ప్రాధాన్యం ఉండాలని 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక చెప్పింది. అయితే శ్రీశైలం జలాశయంలో నీళ్లు ఒక ఎత్తు దాటితే తప్ప పోతిరెడ్డిపాడు తూముల గుండా సీమకు పారవు. కరెంటు కోసం దిగువకు వదిలే నీళ్లకు అంత ఎత్తు అక్కర్లేదు. ఊళ్లు కర్నూలు, పాలమూరు జిల్లాలవి పోయాయి. వెలుగు పట్టణాలకు, నీళ్లు ముందుగా పల్లానికి పోయాయి. ఇప్పుడు అదే జలాశయం ఒడ్డున రెండు రాష్ట్రాలు తగవుపడుతున్నాయి. బచావత్ ట్రిబ్యునల్ నాటి ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 800 టి.ఎం.సి.ల పంపకం దగ్గర ఈ తగవు ఆగిపోతోంది. రాష్ట్రం లోపల ఏ ఊరికి ఎంత అన్న ప్రశ్న దాకా అది రావడం లేదు.

ఎండాకాలం జలాశయం తగ్గినప్పుడు కృష్ణా భవనాసి నదుల కూడలిలో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం పోయి దండం పెట్టుకొంటారు. పత్రికల్లో బొమ్మలు వేస్తారు. గుడితో పాటు గోడల మొదళ్లు, బావి గట్లు, రోళ్లు కూడా బయటపడతాయి. వాటికి బొమ్మలు తక్కువ. ముసలివాళ్లు మనవళ్లను తీసుకుపోయి 'ఇది మన వాకిలి' అని చూపిస్తారు. పైన చెప్పిన పిల్ల అలా చూసి వచ్చిందే.

కాలం తేల్చే లెక్కలు

కొన్ని నష్టాలు ప్రారంభోత్సవం నాడు కనపడవు. నది నీళ్లతో పాటు ఒండ్రు తెస్తుంది. డాము వెనక ఒండ్రు ఆగిపోతుంది. సాగర్ నిలవ సామర్థ్యం మొదట 408 టి.ఎం.సి.లు. ఇప్పుడు లెక్కకు వచ్చేది 312. శ్రీశైలం 308 నుంచి 215కు వచ్చింది. అటు జలాశయం పూడుతుంటే ఇటు డెల్టాకు కొత్త మట్టి చేరడం లేదు. నది తెచ్చి పోసిన మట్టితోనే పుట్టిన డెల్టా, ఆ మట్టి ఆగిపోతే సముద్రం ముందు బలహీనపడుతుంది. ఉప్పు లోపలికి వస్తుంది. అంటే ఒకప్పుడు లాభం పొందిన డెల్టా రైతు మనవడు నష్టాల జాబితాలోకి మెల్లగా జారుతున్నాడు. గోదావరికి ఎదురీదే పులస చేప ధవళేశ్వరం దగ్గర గోడకు తల కొట్టుకొని ఆగిపోతోంది. మన విందు భోజనాల్లో దాని ధర పెరుగుతోంది కాని, పై ఊళ్ల జాలరి వలలో అది పడటం ఎప్పుడో మానేసింది.

వరదలను డాము ఆపుతుందన్నది సగం నిజం. ఖాళీగా ఉన్న జలాశయమే వరదను ఆపుతుంది. పంటకూ కరెంటుకూ నిండు జలాశయం కావాలి. ఈ రెండు పనులకూ పొత్తు కుదరదు. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డామును కట్టింది 19 లక్షలకు. డాము నిలిచింది. కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరులో కడప జిల్లా చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ ఊళ్లను ఊడ్చుకుపోయింది. కృష్ణకు ఉపనది కోయినా మీద డాము దగ్గర 1967 డిసెంబరు 11న వచ్చిన భూకంపానికి ఆ జలాశయమే కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

'ఆధునిక దేవాలయాలు' అన్న నెహ్రూ మాట ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. ఆ నెహ్రూయే 1958 నవంబరులో ఇంజనీర్ల సభలో మాట్లాడుతూ, పెద్దవి కట్టాలన్న యావ ఒక జబ్బుగా మారుతోందని, చిన్న పథకాల విలువ గుర్తించాలని హెచ్చరించాడు. ఈ మాట పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. ఎక్కిన మాట వెనక కాంట్రాక్టులున్నాయి, ఎక్కని మాట వెనక పూడిపోతున్న గొలుసు చెరువులున్నాయి.

రచయితలు ఏం చేశారు?

సి. నారాయణరెడ్డి 'నాగార్జున సాగరం' గేయకావ్యం 1955లో, డాముకు శంకుస్థాపన జరిగిన ఏడాదే వచ్చింది. అందులో వస్తువు డాము కాదు. లోయలో విరిసిన బౌద్ధ యుగపు ప్రేమకథ. మునగబోయే నేలకు ఆ కావ్యం జ్ఞాపకం కట్టింది, అది కవి చెయ్యదగిన పనే. కాని ఆ లోయలో అప్పుడు బతుకుతున్న చెంచులు, లంబాడీలు, రైతులు ఇంకా కావ్యవస్తువు కాలేదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో నీళ్లు లేని నది ముందు నిలబడి సీమ ఆకలిని పలికాడు. తర్వాత రాయలసీమ, తెలంగాణ కథకులు కరువును లోతుగా చిత్రించారు. అంటే నీటి లేమి మీద మనకు గొప్ప సాహిత్యం ఉంది. నీళ్లు వచ్చిన సందర్భం మీద స్తోత్రాలున్నాయి. నీళ్లు వచ్చి ముంచిన సందర్భం మీద శోకగీతాలున్నాయి. ఈ మూడింటినీ ఒకే కథలో ఎదురెదురుగా నిలబెట్టిన రచనలు అరుదు.

ఈ విషయంలో ఠాగూరు 'ముక్తధార' నాటకం (1922) ఇప్పటికీ చదవదగింది. ఉత్తరకూట రాజ్యపు ఇంజనీరు విభూతి ఏళ్ల తరబడి శ్రమించి, ఎందరో కూలీల ప్రాణాలు బలిపెట్టి, జలపాతానికి అడ్డకట్ట కడతాడు. దిగువనున్న శివతరాయి ప్రజలను దప్పికతో లొంగదీసుకోవడం రాజు ఉద్దేశం. యువరాజు అభిజిత్తు ఆ కట్టను బద్దలుకొట్టి ఆ ప్రవాహంలో తానూ కొట్టుకుపోతాడు. నీటి మీద అధికారమంటే మనుషుల మీద అధికారమని ఠాగూరు అంత ముందే గ్రహించాడు. అయితే ఆ నాటకానికి ఒక పరిమితి ఉంది. అందులో కట్ట ఒట్టి దౌర్జన్యం. దాని వల్ల అన్నం తినే రైతు ఎవడూ రంగం మీదకు రాడు. మన వాస్తవం అంతకన్న చిక్కుముడి పడింది. మిర్యాలగూడ రైతుకు సాగర్ శత్రువు కాదు. అతన్ని మరచి రాసిన ముంపు కథ సగం నిజం, ముంపును మరచి రాసిన ఆయకట్టు కథ కూడా సగం నిజం.

ఇక మీద

ప్రాజెక్టులు కావాలని ఉద్యమించిన వాళ్లలో అభ్యుదయవాదులు ముందు వరసలో ఉన్నారు. దానికి సిగ్గుపడవలసింది లేదు. కరువు సీమకు నీళ్లడగడం ఇప్పటికీ న్యాయమే. కాని 'ప్రాజెక్టు కావాలి' అన్న నినాదంతో మన బాధ్యత తీరిపోతుందనుకోవడం పొరపాటు. ఎంత ఎత్తు, ఎవరి భూమి, ఎవరి కాలువ, ఎవరికి ముందు, మునిగేవాడికి భూమికి భూమి ఇచ్చారా, మొదట వాడికి నీళ్లిచ్చి తర్వాత పల్లానికి వదిలారా, ఇదే పని చెరువులతో, చిన్న మళ్లింపులతో అవుతుందా - ఈ ప్రశ్నలు అడగడం ప్రాజెక్టుకు అడ్డుపడటం కాదు. అడిగినవాణ్ణి అభివృద్ధి నిరోధకుడని ముద్ర వెయ్యడం పాలకులకు అలవాటు. ఆ ముద్ర మనం వెయ్యకూడదు.

ఇవన్నీ పాత లెక్కలు కావు. పోలవరం దగ్గర 194 టి.ఎం.సి.ల జలాశయానికి లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాళ్లలో చాలామంది కోయలు, కొండరెడ్లు. వాళ్ల కోసమని చెప్పి కాదు, డాము కోసం 2014లో ఏడు మండలాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చారు. కొండరెడ్డికి అడవి ఆస్తి కాదు, జీవితం. పట్టా చూపించమంటే ఏం చూపిస్తాడు? ఆ భాష, ఆ పాటలు, ఆ చెట్ల పేర్లు నమోదు చేసుకొనే పని పురావస్తు శాఖ చెయ్యదు. రాళ్లకు అంకెలు వేసినంత శ్రద్ధగా ఆ మనుషులు ఎవరి పక్కన ఎవరు, ఏ వంక ఒడ్డున, ఏ పండుగకు ఎలా బతికారో రాసి పెట్టవలసింది రచయితలే. ఊరు మునిగాక రాసేది స్మృతిగీతం అవుతుంది. మునగకముందు రాస్తే అది సాక్ష్యమవుతుంది, కోర్టులో కాకపోయినా కాలం ముందు.

సాహిత్య విద్యార్థులకు ఒక చిన్న సూచన. మీ ఊరికి దగ్గర్లో ఏదో ఒక కాలువో, చెరువో, జలాశయమో ఉండే ఉంటుంది. దాని మొదలు నుంచి చివరి దాకా ఒకసారి నడవండి. తూము దగ్గర రైతుతో, చివరి పొలం రైతుతో, కూలితో, జాలరితో, ముంపు కాలనీలో ముసలమ్మతో మాట్లాడండి. తర్వాత కాగితం తీసుకొని రాయండి. మధ్యలో నిలువు గీత మాత్రం గీయకండి.